ఒక్క ఆట, మా బెంచీ మీద

మా తెలుగు సార్ ఇక లేరన్న వార్త నాకు యూనివర్సిటీ లైబ్రరీలో తెలిసింది. పరీక్షకు చదువుకుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "తిన్నావా?" అని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

"సార్ పోయారమ్మా. పొద్దున చాయ్ తాగి, బూట్లు వేసుకుంటూ అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయారట. ఆంటీ అంబులెన్స్‌కి ఫోన్ చేసేలోపే అయిపోయింది," అంది.

నేను పుస్తకం మూసి బయటికి వచ్చాను. అమెరికాలో మా ఊరైన బాతెల్‌లో మామూలుగా కురిసే సన్నటి వానే అక్కడా కురుస్తోంది. ఈ వానకి తెలుగులో ఏమంటారని ఒకసారి సార్‌ని అడిగాను. "తుంపర అంటరు. జల్లు అంటరు. ఇక్కడి వానకైతే సరిపోయే మాట ఇంకా పుట్టలే బిడ్డా, నువ్వే ఏదన్న పెట్టు," అన్నారు. ఆ పేరు నేనింకా పెట్టలేదు.

మా తెలుగు సంఘం పత్రికవాళ్ళు సార్ గురించి రాయమని అడిగారు. ఆయన నేర్పిన పద్యాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఫుట్‌బాల్ గురించి రాస్తాను. సార్‌ని నేను ఎక్కువగా తెలుసుకున్నది అక్కడే.

వారమంతా ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవారు. శనివారం పొద్దున పబ్లిక్ లైబ్రరీ వెనక గదిలో మాలాంటి పిల్లలకు తెలుగు చెప్పేవారు. మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే మాలో వచ్చేవాళ్ళని వెంటబెట్టుకుని అటునుంచి అటే స్టేడియంకి. వేరే పెద్దవాళ్ళందరినీ మేం అంకుల్ అనేవాళ్ళం. ఈయన మాత్రం మొదటిరోజే చెప్పేశారు: "క్లాసుల సార్, స్టేడియంల అంకుల్. అటుది ఇటు చేస్తే మార్కులు కట్."

నేను ఆ క్లాసులో ఇష్టపడి చేరలేదు. హైస్కూల్‌లో ఉండగా అమ్మ పట్టుబట్టి చేర్పించింది. "నాకు తెలుగు అర్థమవుతుంది, క్లాస్ ఎందుకు?" అన్నాను మొదటిరోజు. సార్ నవ్వలేదు. "నీకు తెలుగు అర్థమైతది. తెలుగుకే నువ్వు ఇంకా అర్థం కాలే. అంతే బిడ్డా," అన్నారు. అదేమిటో తేల్చుకోవడానికని మరుసటి శనివారం కూడా వెళ్ళాను. అలా వెళ్తూనే ఉండిపోయాను.

ఇక ఆ జట్టు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక చిన్న లీగు జట్టు ఉంది. ఇక్కడ అందరూ సాకర్ అంటారు, సార్ ఎప్పుడూ ఫుట్‌బాల్ అనే అనేవారు. పేరు రాయను. ఎప్పుడూ ఓడిపోయే జట్టు అంటే చాలు, మా వైపు ఎవరైనా గుర్తుపడతారు. సార్ అమెరికా వచ్చిన కొత్తలో ఎవరో కొలీగ్ తనకు అక్కర్లేని టికెట్ ఇస్తే ఒంటరిగా వెళ్ళారట. మా జట్టు చిత్తుగా ఓడింది. అయినా పక్కనున్నవాళ్ళు చివరిదాకా పాడుతూనే ఉన్నారట. "ఓడిపోతున్నా పాడుతున్నరంటే వీళ్ళు మనోళ్ళే అనుకున్న," అనేవారు. అప్పటినుంచి ఆయన ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

స్టేడియంలో ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. ఫ్లాస్కులో చాయ్, జిప్‌లాక్ సంచిలో ఉడకబెట్టిన పల్లీలు. హాఫ్ టైమ్‌లో ఆకుపచ్చ పెన్నుతో మా హోంవర్కులు దిద్దడం. ఆట అయ్యాక, ఆటగాళ్ళు లోపలికి వెళ్ళే దారి దగ్గర కంచె పట్టుకుని నిలబడి, ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచి "బాగా ఆడినవ్" అని చెప్పడం. వాళ్ళు బాగా ఆడి ఉండరు. నేను ఒకసారి ఆ మాటే అన్నాను. "ఓడినోణ్ణి ఒక్కణ్ణే ఇంటికి పంపొద్దు బిడ్డా," అన్నారు. మా జట్టులో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడే కుర్రాడు పొద్దుటిపూట కాఫీ షాపులో పనిచేసేవాడు. సార్ వెళ్తే కప్పు మీద పేరు సరిగ్గా స్పెల్లింగ్‌తో రాసేవాడు. అమెరికాలో ఇంకెవరూ తన పేరు సరిగ్గా రాయలేదని సార్ గొప్పగా చెప్పుకునేవారు.

జట్టు ఓడడం గురించి సార్‌కి కోపం లేదు. కోపమంతా ఓనర్ మీద. ప్రతి సీజన్ మధ్యలో, ఉన్నవాళ్ళలో బాగా ఆడేవాణ్ణి ఇంకో క్లబ్బుకి అమ్మేసేవాడు. కోచ్‌లు చెప్పాపెట్టకుండా మారేవారు. టికెట్ ధర పెరిగేది కానీ మా స్టాండ్ పైకప్పు మాత్రం కారుతూనే ఉండేది. అన్నిటికన్నా మమ్మల్ని మండించేది ఒకటుంది: ఓనర్ హాఫ్ టైమ్‌కి వెళ్ళిపోయేవాడు. ఎదురుగా అద్దాల గదిలో కనబడేవాడు, విజిల్ పడేది, ఆ కుర్చీ ఖాళీ అయ్యేది. మావాళ్ళు రెండో సగం ఆడుతుండగా ఆయన కారు పార్కింగ్ దాటిపోయేది.

ఒక శనివారం, ఘోరంగా ఓడిన మరుసటి వారం, సార్ బోర్డు మీద వరసగా రాశారు: వేడుకోవడం, ప్రాధేయపడటం, కోరడం, అడగడం, నిలదీయడం. తెలుగులో అడగడానికి ఇన్ని మెట్లున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ఇంటికెళ్ళి అద్దం ముందు ఒక్కొక్కటీ పలికి చూసుకున్నాను.

"మన టీమ్ ఓనర్ ముందట మనం ఏ మెట్టు మీద నిలబడాలె?" అని అడిగారు సార్.

"తిట్టాలి సార్!" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

"అది ఈ బోర్డు మీద లేదు. తిట్టుడు అల్కనే బిడ్డా. అడుగుడే కష్టం. తిడితే ఆయన తలుపు మూసుకుంటడు. అడిగితే జవాబు వెతుక్కోవాలె."

హోంవర్క్ ఏమిటంటే ఓనర్‌కి ఒక్క మాట రాయాలి, అందులో తిట్టు ఉండకూడదు. నేను ఇలా రాశాను: "మేము ఓడిపోయినా వస్తాము. మీరు ఎందుకు వెళ్ళిపోతారు?" సార్ దాని కింద ఆకుపచ్చ గీత గీసి, "అడుగుడంటే ఇది," అన్నారు. నాకు తెలుగులో వచ్చిన మొదటి మెప్పు అది.

ఆ మాటను ఆంటీ, అంటే సార్ భార్య, ఇచ్చిన పాత దుప్పటి మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద ఇంగ్లీషులో అర్థం రాసి, స్టాండ్‌లో కట్టాం. అభిమానుల గుంపుకి పెద్ద గ్యారీ. పోస్టాఫీసులో పనిచేస్తాడు, డ్రమ్ము వాయిస్తాడు, గొంతు డ్రమ్ము కన్నా గట్టిది. ఆయన దుప్పటిని చాలాసేపు చూసి, "వి విల్ కమ్ అన్న ముక్క మీ భాషలో ఎలా అంటారు?" అని నన్ను అడిగాడు. చెప్పాను. అంతే. "వస్తా-మూ! వస్తా-మూ!" అని డ్రమ్ము మీద మొదలుపెట్టాడు. కాసేపట్లో స్టాండ్ మొత్తం అందుకుంది. మా తెలుగు క్రియాపదం ఒకటి అలా వందల గొంతుల్లో మోగుతుంటే సార్ పల్లీల సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. "వాన," అన్నారు నేను చూస్తుంటే. పైకప్పు కారుతోంది కాబట్టి నమ్మినట్టే తలూపాను.

ఓనర్ ఆ రోజు కూడా హాఫ్ టైమ్‌కి వెళ్ళిపోయాడు.

అప్పుడు సార్‌కి తన ఊరి ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. ఆయనది కరీంనగర్ వైపు. యువకుడిగా ఉన్నప్పుడు తెలంగాణ ఉద్యమంలో వంటావార్పు చేశారట. అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, మా మాట వినేదాకా ఇక్కడినుంచి కదలం అని చూపించడం. "పార్కింగ్ లాట్‌ల చేద్దాం. రెండు గ్యాస్ స్టవ్‌లు, నాలుగు ఫ్యామిలీలు. ఓనర్‌కి అర్థమైతది," అన్నారు.

ఆంటీ పెద్ద గిన్నెలో పులిహోర కలిపింది. ఇంకొకరు మిరపకాయ బజ్జీలు వేశారు. సార్ స్టవ్ పక్కన గంభీరంగా నిలబడ్డారు. అయితే అమెరికాలో మ్యాచ్‌కి ముందు పార్కింగ్‌లో వండుకుని తినడం సరదా పని, పండగ లాంటిది. మా నిరసన ఎవరికీ నిరసనలాగా కనబడలేదు. జనం ప్లేట్లు పట్టుకుని వరస కట్టారు. గ్యారీ బజ్జీ తిని చెమటలు కక్కుతూ ఇంకొకటి అడిగాడు. క్లబ్బు తరఫున ఫోటోలు తీసే అమ్మాయి వచ్చి, గరిటె పట్టుకున్న సార్‌ని నవ్వమని ఫోటో తీసింది. సాయంత్రానికి అది క్లబ్బు పేజీలో ఉంది: ఇంత సంతోషంగా ఉండే అభిమానులు ఇంకే క్లబ్బుకి ఉన్నారు అని.

తిరిగొస్తుంటే కార్‌లో ఖాళీ గిన్నెలు గలగలమన్నాయి. చివరికి ఆంటీయే అంది, "నిరసన అని పోయినం. క్యాటరింగ్ చేసి వచ్చినం."

సార్ ఎంత నవ్వారంటే కారు పక్కకి ఆపాల్సి వచ్చింది. నవ్వు అయ్యాక మాత్రం చాలాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. "ఆకలి చూపిద్దామనుకుంటే విందు చూసిండ్రు. తప్పు వాళ్ళది కాదు. మనం చెప్పుడు నేర్వలే," అన్నారు.

సీజన్ చివరి మ్యాచ్‌కి ముందు అభిమానులందరూ కాఫీ షాపులో కలిశారు. సార్ నన్నూ రమ్మన్నారు. గ్యారీ పట్టుదలగా ఉన్నాడు. సెకండ్ హాఫ్ మొదలవగానే అందరం లేచి వెళ్ళిపోవాలి, ఖాళీ స్టాండ్ ఫోటో పేపర్లో పడాలి, ఓనర్ సిగ్గుపడాలి అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు.

సార్ చెయ్యెత్తారు. ఆయన ఇంగ్లీషు కూడా ఆయన తెలుగులాగే తొందర లేకుండా ఉండేది. ఆ మాటల్ని నా చెవిలో మిగిలినట్టే రాస్తున్నాను.

"గ్యారీ, ఆయన మధ్యల లేచిపోతున్నడనే గద మన కోపం. మనం గూడ మధ్యల లేచిపోతే ఎట్ల? అప్పటికి ఆయన ఎట్లనూ ఉండడు. చూసేది ఆడే పిల్లలే. మనం పోయినమని వాళ్ళకు తెలుస్తది, ఆయనకు తెల్వదు."

"మరి ఏం చెయ్యమంటావు? మళ్ళీ బజ్జీలా?" అన్నాడు గ్యారీ. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వారు.

"ఉల్టా చేద్దాం. ఆట అయినంక గూడ లేవొద్దు. ఆయన వచ్చి మాట్లాడేదాక కూర్చుందాం."

కౌంటర్ వెనకనుంచి లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు వింటున్నాడని అప్పుడు చూశాను.  మా టేబుల్ దగ్గరికి వచ్చి, ఎవరూ అడక్కుండానే సార్ కప్పు మళ్ళీ నింపి వెళ్ళాడు. గ్యారీ కూడా అది చూశాడు. "సరే, కూర్చుందాం," అన్నాడు.

ఆ చివరి మ్యాచ్‌లోనూ మేం ఓడిపోయాం. విజిల్ పడింది. ఎవరూ లేవలేదు. మొదట సెక్యూరిటీ అమ్మాయి వచ్చి గేట్లు మూసెయ్యాలని చెప్పింది. "మూసెయ్యమ్మా, నీ డ్యూటీ నువ్వు చెయ్యి. మేం లోపల్నే ఉంటం," అని సార్ పల్లీల సంచి చాపారు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గుప్పెడు తీసుకుంది. తర్వాత ఓనర్ అసిస్టెంట్ వచ్చాడు. ఓనర్ గారు ఇంట్లో ఉన్నారు, ఈమెయిల్ పంపండి అన్నాడు. గ్యారీ డ్రమ్ము మీద మెల్లగా "వస్తాము" వాయించడం మొదలుపెట్టాడు. అందరం అందుకున్నాం. వాన పడుతూనే ఉంది.

చివరికి ఓనర్ వచ్చాడు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశాడు. తడిసిన ఆ చెప్పులు చూడగానే ఎందుకో నా కోపం సగం తగ్గింది.

"ఏం కావాలి మీకు? నన్ను తప్పుకోమంటారా?" అన్నాడు నిలబడే.

గ్యారీ లేవబోయాడు. సార్ అతని మోకాలి మీద చెయ్యి వేశారు.

"ముందు కూసోండి. తడి ఉంటది. మాకు గూడ తడే ఉంది."

ఓనర్ కూర్చున్నాడు. ఆ బెంచీ మీద కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారని చూస్తేనే తెలుస్తోంది.

"మీరు మొత్తం ఆట చూసి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు సార్.

ఓనర్ మైదానం వైపు చూశాడు. "చూడలేను. ఈ టీమ్ మా నాన్న మొదలుపెట్టాడు. నా చేతుల్లో ఓడిపోతోంది. ఊపిరాడదు," అన్నాడు.

"మాకు గూడ ఆడదు. కాకపోతే మేం టికెట్ కొనుక్కొని మరీ చూస్తం. మీకు ఫ్రీ."

అందరూ నవ్వారు. ఓనర్ పెదవులు కూడా కదిలాయి. సార్ మాత్రం ఇప్పుడు నవ్వడం లేదు.

"మీరు మంచోళ్ళే కావచ్చు. మంచోళ్ళయితే సరిపోదు. పోయిన నెల స్ట్రైకర్‌ని అమ్మిన్రు. ఆ రోజు మిగతా పిల్లల మొహాలు మేం చూసినం. మీరు చూడలే. చూస్తే అమ్మకపోదురు. చూడకుంట అమ్ముడు అల్కనే ఉంటది. నేను అడిగేది ఒక్కటే. వచ్చే సీజన్‌ల ఒక్క ఆట, మా బెంచీ మీద, చివరిదాక. ఆ తర్వాత ఏం చెయ్యాల్నో మిమ్ముల నేను అడగ. మీకే తెలుస్తది."

ఓనర్ తడిసిన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఆలోచిస్తాను," అని లేచి వెళ్ళాడు.

బయటికొస్తుంటే గ్యారీ గొణిగాడు, "ఇంతసేపు తడిసి ఒక్క మ్యాచ్ అడిగావా? నేనైతే పైకప్పూ కోచ్‌నీ కూడా అడిగేవాణ్ణి."

"పైకప్పు అడిగితే బడ్జెట్ చూపిస్తడు గ్యారీ. పక్కన కూసొమ్మంటే ఏం చూపిస్తడు?" అన్నారు సార్.

చలికాలమంతా ఆయన ఆ జవాబు కోసం ఎదురుచూశారు. అంతగా ఎదురుచూస్తున్నారని మాకు తెలియనిచ్చేవారు కాదు కానీ క్లాసులో ఫోన్ మోగితే సుద్దముక్క కింద పెట్టేసేవారు. "ఓనర్ చెప్పాడా సార్?" అని పిల్లలు అడిగితే, "ఆలోచిస్తున్నడు బిడ్డా. ఆలోచన అంటే టైమ్ పడ్తది," అనేవారు. ఆంటీ ఎగతాళి చేసేది: "పిల్లను చూసి పోయినోళ్ళ కబురు కోసం చూసినట్టు చూస్తున్నవు ఆ ఓనర్ కోసం." అప్పటికి యూనివర్సిటీలో చేరిన నేను సెలవులకు వచ్చినప్పుడు సార్ ఒక మాట అన్నారు. "జవాబు రాకపోయినా మనం అడిగింది అబద్ధం కాదు. కానీ వస్తే బాగుండు." చివరి మాట చాలా మెల్లగా అన్నారు.

ఆ జవాబు రాకుండానే ఆయన వెళ్ళిపోయారు.

అంత్యక్రియలకు గ్యారీ వచ్చాడు. ఎప్పటిదో సూటు, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. అందరినీ చూసి బూట్లు విప్పాడు. వెళ్ళేముందు ఆంటీ దగ్గరికి వచ్చి, ఏం చెప్పాలో తెలియక, తనకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట చెప్పాడు: "వస్తాము." మనలో చావు ఇంట్లో ఆ మాట అనకూడదు. చెప్పకుండా వెళ్ళిపోవాలి. పక్కనున్న పెద్దవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆంటీ మాత్రం అతని చెయ్యి పట్టుకుని, ఆ రోజు మొదటిసారి గట్టిగా ఏడ్చింది. "రా గ్యారీ. తప్పకుంట రావాలె," అంది.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి నేను యూనివర్సిటీనుంచి బస్సులో వచ్చాను. ఆంటీ కూడా వచ్చింది. ఆమెకు ఆట రూల్స్ ఇప్పటికీ రావు. మేం కూర్చున్న కాసేపటికి మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఓనర్ పైకి వస్తున్నాడు. ఈసారి బూట్లు, రెయిన్ జాకెట్, చేతిలో పేపర్ కప్పులో కాఫీ. గ్యారీ దగ్గర ఆగి, "ఎక్కడ కూర్చోవాలి?" అని అడిగాడు. గ్యారీ డ్రమ్ము పక్కకి జరిపాడు.

హాఫ్ టైమ్‌కే రెండు గోల్స్ వెనకబడ్డాం. విజిల్ పడింది. ఓనర్ లేచి మెట్లు దిగి వెళ్ళాడు.

స్టాండ్ మొత్తం చల్లబడిపోయింది. గ్యారీ డ్రమ్ము పుల్లలు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. ఆంటీ నా వైపు తిరిగి, "పోయిండా?" అంది.  సార్ ఒక చలికాలమంతా కాచుకున్నది ఇలా పార్కింగ్ లాట్ వైపు నడిచిపోతుంటే చూడలేక తలదించుకున్నాను.

సెకండ్ హాఫ్ మొదలయ్యే ముందు ఎవరో నా మోకాళ్ళు తాకుతూ దారి అడిగారు. ఓనరే. అందరూ తననే చూస్తుంటే ఆయన ముఖం ఎర్రబడింది. "బాత్రూమ్‌కి వెళ్ళాను," అన్నాడు. గ్యారీ ఎంత పెద్దగా నవ్వాడంటే మైదానంలో గోల్‌కీపర్ తలెత్తి చూశాడు.

ఆ తర్వాత ఆయన కదల్లేదు. మావాళ్ళు ఒక గోల్ కొట్టారు. చివరి నిమిషాల్లో ఇంకొకటి పడింది, రెఫరీ ఆఫ్‌సైడ్ అని కొట్టేశాడు. ఓనర్ అందరికన్నా ముందు లేచి నిలబడ్డాడు. గ్యారీ భుజాన్ని పట్టుకుని ఊపేస్తూ ఏదో అరుస్తున్నాడు. టోపీ వెనక్కి జారిపోయి జుట్టంతా తడిసిపోయింది.

ఓడిపోయాం. ఈ సీజన్‌లో మా కొత్త స్ట్రైకర్‌ని అమ్మరని ఆ తర్వాత తెలిసింది. పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు జనం మెల్లగా దిగిపోతుంటే ఆంటీ చెయ్యి పట్టుకుని నేనూ మెట్లు దిగాను. కింద కంచె దగ్గరినుంచి వెనక్కి చూశాను. ఖాళీ అయిన బెంచీల మధ్య ఓనర్ ఒక్కడే ఇంకా లేవకుండా కూర్చున్నాడు, మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చి. మైదానంలో పనివాడు కార్నర్ జెండాలు ఒక్కొక్కటీ పీకి చంకలో పెట్టుకుంటున్నాడు. ఓనర్ పక్కన బెంచీ మీద పెట్టిన పేపర్ కప్పులో వాన నీళ్ళు చుక్క చుక్కగా నిండుతున్నాయి.